వెయ్యి గజాల గాలి

మీట నొక్కిన క్షణం నుంచి వెయ్యి గజాల అవతల కాగితానికి చిల్లు పడేదాకా దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో పది గ్రాముల గుండుకు ఎన్ని జరుగుతాయో చూడండి. గొట్టం చూపించిన గీత నుంచి తొమ్మిది మీటర్లు, అంటే మూడంతస్తుల మేడంత, కిందికి జారుతుంది. బయల్దేరినప్పుడున్న వేగంలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. తన చుట్టూ తాను గిర్రున తిరుగుతున్నందువల్ల ఓ జానెడు కుడికి ఒరుగుతుంది. కింద భూమి కూడా తిరుగుతోంది కాబట్టి మరికొన్ని సెంటీమీటర్లు పక్కకు తొలుగుతుంది. ఇవి చాలవన్నట్టు దారిలో ఎదురైన ప్రతి గాలి తెరా దాన్ని తనతో పాటు కాస్త లాక్కుపోతుంది.

దూరగురి పోటీకి తొలిసారి సిద్ధమయ్యేవారు సాధారణంగా రైఫిల్ గురించి దిగులు పడతారు. నిజానికి పై జాబితాలో చివరిది తప్ప మిగతావన్నీ ఇంట్లో కూర్చుని కాగితం మీద లెక్కకట్టగలిగినవే. గురుత్వాకర్షణ నిన్న ఎలా లాగిందో ఇవాళా అలాగే లాగుతుంది. భూమి తిరుగుడులో తేడా రాదు. గాలి మాత్రం నిన్నటి మాట ఇవాళ నిలబెట్టుకోదు. అందుకే ఈ క్రీడకు సిద్ధం కావడమంటే లెక్కకు లొంగేవాటిని ముందే లెక్కలో పెట్టేసి, కన్నునీ మనసునీ గాలి కోసం ఖాళీగా ఉంచుకోవడం.

రాణిగారి పట్టుతాడు

లెక్కకు లొంగేవాటికీ లొంగనివాటికీ ఉన్న తేడా ఈ క్రీడ పుట్టుకలోనే కనిపిస్తుంది. బ్రిటన్‌లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1859లో ఏర్పడింది. మరుసటి ఏడాది జులైలో వింబుల్డన్ మైదానంలో జరిగిన తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. దూరం 400 గజాలు. విట్‌వర్త్ రైఫిల్‌ను ముందే ఒక ఇనుప దిమ్మెకు బిగించి, గురి సరిచూసి పెట్టారు. రాణి చేసిందల్లా పట్టుతాడు లాగడమే. గుండు సరిగ్గా మధ్యకు ఒకటింపావు అంగుళం దూరంలో తగిలింది. లెక్క సరిగ్గా కుదిరితే యంత్రం ఎంత పని చేయగలదో ఆ రోజే తేలిపోయింది. అక్కడి నుంచి మనిషి చేయాల్సిన పని ఏమిటన్నదే ఈ క్రీడ చరిత్ర.

1890లో పోటీలు వింబుల్డన్ నుంచి బిస్లీకి మారాయి. నేటికీ ఏటా జులైలో అక్కడే 300 నుంచి 1000 గజాల దాకా కాలుస్తారు. ఆ పోటీల్లో మన దేశపు ఊరి పేరు మోసే కప్పు కూడా ఒకటుంది. కొల్హాపూర్ రాజా బహూకరించిన కొలాపూర్ కప్పు కోసం 1871 నుంచి జట్లు తలపడుతున్నాయి.

మన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1951లో మొదలైంది. లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి. మావలంకర్ దాని మొదటి అధ్యక్షుడు. ఇక్కడ పెద్ద తుపాకుల పోటీ అంటే ఎక్కువగా 300 మీటర్ల బిగ్ బోరే. అందులో సైన్యానిదే పైచేయి. మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉన్న ఆర్మీ మార్క్స్‌మన్‌షిప్ యూనిట్ దీనికి పెట్టింది పేరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలప్పుడు ఫుల్‌బోర్ (పెద్ద కేలిబర్ రైఫిల్) పోటీలు గురుగ్రామ్ దగ్గర కాదర్‌పూర్‌లోని సీఆర్‌పీఎఫ్ రేంజిలో జరిగాయి.

తెలుగువాళ్లకు రైఫిల్ అనగానే గుర్తొచ్చే పేరు హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయన కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అది నాలుగు గోడల మధ్య ఆట, గాలికి అక్కడ ప్రవేశం లేదు. రెండేళ్ల తర్వాత గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల ప్రోన్ పోటీలో రజతం గెలిచారు. ఆ రేంజి స్కాట్లాండ్ తూర్పు తీరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న బ్యారీ బడ్డన్‌లో ఉంది. సముద్రపు గాలి వీచేచోట బోర్లా పడుకుని కాల్చడమంటే దూరగురి పాఠశాలలో చేరినట్టే.

ద్వీపం నుంచి బయల్దేరితే

ఇప్పుడొక ఊహ చేద్దాం. అండమాన్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి తన మొదటి వెయ్యి గజాల పోటీకి సిద్ధమవుతోందనుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి చోట్ల తరాలుగా స్థిరపడ్డాయి. 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారింది. ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణముంది. భూమధ్యరేఖకు ఉత్తరాన 11.6 డిగ్రీల దగ్గర, సముద్రమట్టంలో, ఏడాదిలో చాలా భాగం తడిసిన గాలిలో ఉండే ఊరది. రైఫిల్ పాఠ్యపుస్తకాల్లోని లెక్కలు చాలావరకు చల్లటి, పొడి దేశాల్లో రాసినవి. వాటిని ద్వీపం గాలిలో పెట్టి చూస్తే ఏది ఎందుకు జరుగుతుందో బాగా బోధపడుతుంది.

ముందుగా చట్టం. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల ప్రకారం రైఫిల్‌కు లైసెన్సు ఉండాల్సిందే. పది మీటర్ల పోటీల్లో వాడే తక్కువ శక్తి 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కు మాత్రం ఆ బాధ లేదు. సైన్యం వాడే 7.62 మి.మీ. వంటి కేలిబర్లు సాధారణ పౌరులకు నిషిద్ధ కోవలోకి వస్తాయి. క్రీడాకారులకు కూడా సంఘాల ద్వారా, ప్రత్యేక అనుమతులతోనే అందుతాయి. కాబట్టి మన దగ్గర ఎవరైనా మెట్టు మెట్టుగానే ఎక్కాలి. ముందు ఎయిర్ రైఫిల్, తర్వాత .22 కేలిబర్ రైఫిల్‌తో 50 మీటర్లు, ఆపైన 300 మీటర్లు, అటుపైన వెయ్యి గజాలు.

ఈ వరుసలో 50 మీటర్ల మెట్టును చిన్నచూపు చూడకూడదు. .22 గుండు నెమ్మదిగా పోతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో వీచే అడ్డగాలి దాన్ని 50 మీటర్లలోనే దాదాపు 6 మి.మీ. పక్కకు జరుపుతుంది. ఆ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. కాబట్టి గుండు కేంద్రం వలయం అంచు దాటిపోతుంది. అదే గాలి వెయ్యి గజాల్లో ఫుల్‌బోర్ గుండును దాదాపు అర మీటరు నెడుతుంది. అమెరికా వెయ్యి గజాల లక్ష్యంలో పది వలయం వ్యాసం 20 అంగుళాలు, అంటే కేంద్రం నుంచి అంచుకు పావు మీటరు. అక్కడైతే పది చేజారుతుంది. దూరం పద్దెనిమిది రెట్లు పెరిగినా గాలి నేర్పే పాఠం ఒకటే. పెద్ద రేంజి లేని ఊళ్లో ఉన్నవాళ్లు ఆ పాఠంలో చాలా భాగాన్ని .22తోనే నేర్చుకోవచ్చు.

తడిగాలి తేలిక

లెక్కకు లొంగేవాటిలో మొదటిది కింద పడటం. 155 గ్రెయిన్ల, అంటే పది గ్రాముల, గుండు సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. వెయ్యి గజాల దగ్గరికి వచ్చేసరికి అది 390 మీటర్లకు పడిపోతుంది, ధ్వని వేగానికి కాస్త పైన. అది పడే దూరం సైటును ఎంత ఎత్తాలో చెబుతుంది. షూటర్లు కోణాన్ని మినిట్లలో కొలుస్తారు. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్. వెయ్యి గజాల దగ్గర దాని విలువ 26.6 సెంటీమీటర్లు. సైటు మీది ఒక్కో క్లిక్ సాధారణంగా పావు మినిట్, అంటే అక్కడ 6.6 సెంటీమీటర్లు. వంద గజాల దగ్గర సరిచేసిన రైఫిల్‌ను వెయ్యి గజాలకు తేవాలంటే ముప్ఫై మినిట్ల దాకా పైకి ఎత్తాలి.

ఈ అంకె గాలి సాంద్రతను బట్టి మారుతుంది. ఇక్కడే చాలామంది తడబడతారు. తేమగా ఉన్న గాలి బరువుగా ఉంటుందని మన ఒంటికి అనిపిస్తుంది. ఉక్కపోతలో ఊపిరాడదు కదా! కానీ నీటి అణువు బరువు 18 ప్రమాణాలు, నైట్రోజన్ అణువుది 28, ఆక్సిజన్‌ది 32. గాలిలోకి నీటి ఆవిరి చేరిందంటే బరువైన అణువులు తప్పుకుని తేలికవాటికి చోటిచ్చాయని అర్థం. అందువల్ల అదే ఉష్ణోగ్రత, అదే పీడనం దగ్గర తడిగాలి పొడిగాలి కన్నా తేలిక. పోర్ట్‌బ్లెయిర్‌లో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న పూట ఘనమీటరు గాలి సుమారు 1.14 కిలోలు తూగుతుంది. తేమ అసలు లేకపోతే 1.16 దాకా ఉండేది. తేడా ఒక శాతం పైచిలుకే. అంటే తేమ గురించి మరీ కంగారు పడక్కర్లేదు. అసలు పెద్దమనుషులు ఉష్ణోగ్రత, ఎత్తు.

మన అమ్మాయి జనవరిలో ఉత్తరాదికి పోటీకి వెళ్లిందనుకుందాం. ఢిల్లీ పరిసరాల్లో పొద్దున పది డిగ్రీల చలిలో అదే ఘనమీటరు గాలి 1.22 కిలోల దాకా తూగుతుంది. ఇది ద్వీపం గాలి కన్నా దాదాపు ఏడు శాతం చిక్కన. గుండు ఇంకాస్త వేగం కోల్పోతుంది, ఇంకాస్త ఆలస్యమవుతుంది, వెయ్యి గజాల దగ్గర అడుగు కిందికి తగులుతుంది. దానికి తోడు చలికి తూటాలోని మందు కాస్త మెల్లగా కాలి గుండు తొలి వేగం కూడా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది మందు రకాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు పది మీటర్లు తగ్గిందంటే మరో జానెడు కిందికి. ఇంట్లో బంగారంలా కుదిరిన సైటు సంఖ్య అక్కడ పది వలయాన్ని దాటించి కింద పారేస్తుంది. రైఫిల్ తప్పు అందులో రవ్వంత లేదు.

మౌ వైపు వెళ్తే కథ తిరగబడుతుంది. ఆ ఊరు సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు మధ్యాహ్నం 25 డిగ్రీల దగ్గర అక్కడి గాలి 1.11 కిలోలే, ద్వీపం కన్నా పల్చన. ఇక్కడ ద్వీపవాసుల కోసమే కాచుకున్న ఉచ్చు ఒకటుంది. వాతావరణ యాప్‌లు చూపించే పీడనం సముద్రమట్టానికి సవరించినది. పోర్ట్‌బ్లెయిర్‌లో అసలు పీడనం, యాప్ పీడనం దాదాపు ఒకటే కాబట్టి తేడా ఎప్పుడూ బయటపడదు. మౌలో యాప్ 1013 హెక్టోపాస్కల్స్ అంటుంది, నిజంగా అక్కడున్నది 950 చిల్లర. యాప్ అంకెను లెక్కలో వేస్తే గాలిని ఆరు శాతం చిక్కగా ఊహించినట్టు. గుండు అడుగు పైకి తగులుతుంది. అక్కడికక్కడే పీడనం కొలిచే చిన్న పరికరం దగ్గరుంటే ఈ తిప్పలు తప్పుతాయి.

భూమి తిరుగుడు ఎంత?

దూరగురి గురించి మాట్లాడేవాళ్లు భూభ్రమణాన్ని ఎంతో గొప్పగా చెబుతారు. లెక్క వేస్తే అది ఎంత చిన్నదో తెలుస్తుంది. గుండు గాల్లో ఉన్నంతసేపూ కింద భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఉత్తరార్ధగోళంలో గుండు కుడికి తొలిగినట్టు కనిపిస్తుంది. ఈ తొలుగుడు అక్షాంశాన్ని బట్టి పెరుగుతుంది. బిస్లీ 51 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ వెయ్యి గజాలకు సుమారు 8 సెంటీమీటర్లు. మౌలో 4. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర 2 మాత్రమే, సైటు మీది ఒక్క క్లిక్‌లో మూడో వంతు కూడా కాదు.

భూమధ్యరేఖ దగ్గర పడేకొద్దీ మరో ప్రభావం పెరుగుతుంది. తూర్పుకు కాలిస్తే గుండు కాస్త పైకి, పడమరకు కాలిస్తే కాస్త కిందికి తగులుతుంది. పోర్ట్‌బ్లెయిర్ అక్షాంశంలో ఇది సుమారు 10 సెంటీమీటర్లు, బిస్లీలో ఆరేడు. అయితే ఉత్తరార్ధగోళంలో రేంజిలు సాధారణంగా ఉత్తరం వైపు చూస్తూ కడతారు. కాల్చేవాళ్ల కళ్లలో ఎండ పడకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. అలాంటి రేంజిలో ఈ ప్రభావం దాదాపు సున్నా.

గుండు తిరుగుడు వల్ల వచ్చే కుడి ఒరుగు దీనికన్నా పెద్దది, సుమారు 20 సెంటీమీటర్లు. గొట్టం లోపలి గాడులు గుండును కుడి వాటంగా తిప్పితే ఒరుగూ కుడికే. కానీ అది ప్రతిసారీ ఒకేలా వస్తుంది. మొదటి రెండు మూడు గుళ్లతోనే సైటు సవరణలో కలిసిపోతుంది. మారనిది ఎంత పెద్దదైనా పీడ కాదు, మారేది ఎంత చిన్నదైనా పీడే.

ఆలస్యానికే మూల్యం

గాలి గుండును ఎలా నెడుతుంది? పక్క నుంచి వీచే గాలి గుండును తన వేగంతో మోసుకుపోతుందని అనుకుంటాం. అలాగైతే సెకనుకు ఒక మీటరు గాలి, ఒకటిన్నర సెకను ప్రయాణం, మీటరున్నర పక్కకు జరగాలి. నిజంగా జరిగేది అందులో మూడో వంతు. ఎందుకంటే గుండు ముక్కు ఎదురొచ్చే గాలి దిక్కుకు కొద్దిగా తిరుగుతుంది. దాన్ని ఆపే నిరోధం కూడా ఆ వాలులోనే పనిచేస్తుంది. ఆ నిరోధంలోని చిన్న పక్కవాటు భాగమే గుండును జరుపుతుంది. అంటే వేగం కోల్పోని గుండును గాలి జరపలేదు.

ఫ్రెంచ్ శాస్త్రవేత్త డిడియన్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం దీన్ని తేలికగా చెబుతుంది. తొలి వేగంతోనే సాగి ఉంటే గుండుకు వెయ్యి గజాలకు ఒక సెకను పట్టేది. నిజంగా ఒకటిన్నర పట్టింది. ఆలస్యం అర సెకను. ఆ ఆలస్యాన్ని గాలి వేగంతో గుణిస్తే పక్కజరుగు వస్తుంది. సెకనుకు ఒక మీటరు గాలికి అర మీటరు. అందుకే షూటర్లు గాలిని సులువుగా చీల్చుకుపోయే సన్నటి, పొడవైన ముక్కు గుళ్ల కోసం వెతుకుతారు. వేగంగా బయల్దేరడం కన్నా వేగం నిలుపుకోవడమే ముఖ్యం.

గాలి దిక్కుకూ లెక్క ఉంది. సరిగ్గా అడ్డంగా వీస్తే పూర్తి విలువ. కాల్చే దిశకు ముప్ఫై డిగ్రీల వాలుగా వీస్తే సగం. నలభై అయిదు డిగ్రీలైతే పదింట ఏడు వంతులు. ఎదురుగాలి, వెనుకగాలి పెద్దగా హాని చేయవు. అయితే ఎదురుగాలి అటో ఇటో ఊగిసలాడుతుంటే జాగ్రత్త పడాలి. చిన్న కోణం తేడాకే గుండు మధ్యకు కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి పడుతుంది.

ఇక చదవడం. 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ గాలి బలాన్ని మెట్లుగా విడగొట్టాడు. తర్వాత వాటికి నేల మీది గుర్తులూ చేర్చారు. పొగ వాలినా ముఖానికి తెలియకపోతే ఒకటో మెట్టు. ముఖానికి తగులుతూ ఆకులు గలగలమంటే రెండు, అంటే సెకనుకు రెండు మూడు మీటర్లు. ఆకులూ చిన్న రెమ్మలూ ఎడతెగకుండా కదులుతూ సముద్రం మీద అక్కడక్కడ తెల్లటి నురగ కనబడితే మూడు, నాలుగైదు మీటర్లు. దుమ్ము, కాగితాలు లేస్తే నాలుగు. తీరంలో పెరిగినవాళ్లకు ఈ చదువు సగం వచ్చినట్టే. పడవ తీయాలా వద్దా అని తెల్లవారుజామున నీటిని చూసి తేల్చే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇంకాస్త ఎక్కువే వస్తుంది. కొత్తగా చేయాల్సింది ఒక్కటే, ఆ అంచనాకు అంకె అంటించడం. చేతిలో పట్టుకునే గాలిమీటరు ఒకటి కొనుక్కుని, ముందు కళ్లతో అంచనా కట్టి, తర్వాత మీటరు చూడాలి. ముందు మీటరు చూస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు.

అండమాన్‌లో ఈ సాధనకు కాలాలు కూడా సాయపడతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత ఈశాన్య ఋతుపవనాలు. గాలి దిక్కు స్థిరంగా ఉన్నా బలం మారుతూ ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు గాలులు కాస్త నెమ్మదించినప్పుడు పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, కడలి వైపు నుంచి గాలి లోపలికి తిరగడం గమనించవచ్చు. ఉదయం ఒక లెక్క, మధ్యాహ్నం మరో లెక్క. పోటీలో మన వరుస ఏ పూట వస్తుందన్నది ఇందుకే ముందు తెలుసుకోవాలి.

రేంజిలో జెండాలు ఉంటాయి. వాటికన్నా నమ్మదగినది ఎండమావి. వేడెక్కిన నేల మీద గాలి పొరలు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంటాయి. వాటి గుండా వచ్చే కాంతి కొద్దికొద్దిగా వంగుతుంది. దూరదర్శినిని లక్ష్యానికి కాస్త ఇవతల ఫోకస్ చేస్తే ఆ అలలు పక్కకు ప్రవహిస్తూ కనిపిస్తాయి. అవి వాలిన తీరు, పరుగు వేగం గాలిని చూపిస్తాయి. అలలు నిట్టనిలువుగా ఉడుకుతున్నట్టు కనబడితే అడ్డగాలి లేదన్నమాట. చాలామంది అప్పుడే కాల్చేయాలని తొందరపడతారు. కానీ గాలి ఎడమ నుంచి కుడికి దిక్కు మార్చుకునే ముందు కూడా అలలు అలాగే ఉడుకుతాయి. మరుక్షణం అటు తిరుగుతుందో ఇటు తిరుగుతుందో చెప్పలేం.

జెండాల్లో దేన్ని నమ్మాలి? లక్ష్యం దగ్గర గుండు నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడి గాలే కీలకమని కొందరు వాదిస్తారు. కానీ దారి మొదట్లో తగిలిన నెట్టు గుండు దిశనే మారుస్తుంది, ఆ చిన్న కోణం మిగిలిన దూరమంతా పెరుగుతూ పోతుంది. మొత్తం మీద దగ్గరి గాలి మాట ఎక్కువగా చెల్లుతుంది. దూరపు జెండాను చూస్తూ మన పక్కనున్న గడ్డిని మరిచిపోకూడదు.

కన్ను, ఊపిరి, ఎముక

బిస్లీ తరహా టార్గెట్ రైఫిల్ పోటీల్లో భూతద్దపు సైటు వాడరు. కంటి దగ్గర సూదిబెజ్జం వంటి రంధ్రం, గొట్టం చివర ఒక వలయం, అంతే. చిన్న రంధ్రం గుండా చూస్తే దగ్గరిదీ దూరానిదీ రెండూ చాలినంత స్పష్టంగా కనిపిస్తాయి. వృత్తంలో వృత్తాన్ని మధ్యకు చేర్చడం మన కంటికి సులువైన పని. గొట్టం చివరి వలయం మీద చూపు నిలిపి, నల్లటి లక్ష్యాన్ని దాని మధ్యలో తేలనివ్వాలి.

బోర్లా పడుకున్నాక రైఫిల్ బరువును కండరాలు కాక ఎముకలూ, చేతికి చుట్టిన స్లింగూ మోయాలి. కండరం అలిసిపోతుంది, ఎముక అలవదు. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష. గురి చూసి కళ్లు మూసుకుని, ఊపిరి తీసి వదిలి, మళ్లీ తెరవాలి. గురి పక్కకు పోయి ఉంటే చేతులతో తోయకూడదు, ఒళ్లు మొత్తం జరిపి పడుకోవాలి. ఊపిరి వదిలాక వచ్చే సహజ విరామంలో మీట నొక్కాలి. ఎనిమిది పది సెకన్లు గడిచినా నొక్కలేకపోతే దించేసి మళ్లీ మొదలుపెట్టడం మేలు.

ఈ సాధనకు తూటా అక్కర్లేదు. ఖాళీ రైఫిల్‌తో, గోడ మీద చిన్న నల్లచుక్క పెట్టుకుని రోజూ కాసేపు మీట నొక్కడాన్ని డ్రై ఫైరింగ్ అంటారు. తూటాలు ప్రధాన భూభాగం నుంచి రావాల్సిన ఊళ్లో ఇంతకన్నా చవకైన గురువు లేడు. గదిలో ఒక్క తూటా కూడా లేకుండా చూసుకుని, గొట్టం ఖాళీగా ఉందని రెండుసార్లు చూశాకే మొదలుపెట్టాలి.

ప్రతి గుండునూ వెంబడించొద్దు

తొలి పోటీలో అందరూ చేసే పని ఒకటుంది. గుండు కుడికి పడితే సైటు ఎడమకు, మరొకటి ఎడమకు పడితే సైటు కుడికి. సంఖ్యాశాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ దీన్ని గరాటు ప్రయోగంతో నిరూపించేవారు. గరాటు గుండా గోళీలు ఒక గుర్తు మీదికి వదులుతారు. గరాటును కదపకుండా వదిలేస్తే గోళీలు ఒక మేరకే చెదురుతాయి. ప్రతి గోళీ తప్పిన దూరాన్ని బట్టి గరాటును అంతే మేర ఎదురు దిక్కుకు జరుపుతూ పోతే చెదురు వర్గసగటు రెట్టింపవుతుంది. వెడల్పులో చూస్తే నలభై శాతం ఎక్కువ. యాదృచ్ఛికంగా వచ్చిన తేడాకు సవరణ చేయడమంటే రెండో తేడాను మొదటిదానికి కలపడమే.

అందుకే పోటీకి ముందే తన రైఫిల్, తన తూటా, తన శరీరం కలిసి మామూలుగా ఎంత చెదురుతాయో తెలిసి ఉండాలి. మూడు గుళ్ల గుంపు దీన్ని చెప్పదు. ఎక్కువసార్లు అది అదృష్టాన్నే చూపిస్తుంది. పది, ఇరవై గుళ్లను ఒకే కాగితం మీద కలిపి చూడాలి. ఆ చెదురులోపల పడిన గుండుకు సైటు ముట్టుకోకూడదు. దాన్ని దాటి పడినా ముందు గాలి మారిందా అని చూడాలి. మీట నొక్కిన క్షణంలో గురి ఎక్కడుందో తానే చెప్పుకోవాలి. ఆ చెప్పుకున్న చోటికీ గుండు పడిన చోటికీ ఉన్న తేడా మాత్రమే గాలి లెక్కలోకి రావాలి.

ఇవన్నీ పుస్తకంలో రాయాలి. తేదీ, పీడనం, ఉష్ణోగ్రత, సైటు సంఖ్య, ఊహించిన గాలి, గుండు తగిలిన చోటు. నెలలు గడిచేకొద్దీ ఆ పుస్తకం ఏ యాప్ కన్నా నమ్మకమైనదవుతుంది, ఎందుకంటే అందులో ఉన్నది మన రైఫిల్, మన తప్పులు.

పోటీ రోజు

బిస్లీ తరహా పోటీల్లో ఒక లక్ష్యాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుని వంతులవారీగా కాలుస్తారు. వంతు వచ్చాక 45 సెకన్లలో కాల్చాలి. ముందు గురి సరిచూసుకోవడానికి రెండు సైటర్లు ఇస్తారు. వాటిని వృథా చేయకూడదు. మొదటి సైటర్ సైటు ఎత్తును సరిచూస్తుంది, రెండోది గాలి అంచనాను. తర్వాత ఒక పద్ధతి ఎంచుకోవాలి. ఎక్కువగా వీచే గాలి స్థితిని ఒకటి నిర్ణయించుకుని అది తిరిగొచ్చేదాకా వ్యవధి ఉన్నంతలో ఆగి కాల్చడం ఒకటి, ప్రతి గుండుకూ సవరించడం మరొకటి. కొత్తవాళ్లకు మొదటిది క్షేమం.

ఇంకొక్క పని ప్రతిసారీ చేయాలి. లక్ష్యం సంఖ్య చూసుకోవాలి. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐర్లాండ్, అమెరికా జట్లు 800, 900, 1000 గజాల్లో తలపడ్డాయి. ఐర్లాండ్ షూటర్ మిల్నర్ సరిగ్గా మధ్యలో కొట్టాడు, కానీ పక్కవాళ్ల లక్ష్యం మీద. అది నాలుగు పాయింట్ల గుండు. ఫలితం అమెరికా 934, ఐర్లాండ్ 931. ఆ ఒక్క గుండు సొంత లక్ష్యానికి తగిలుంటే విజేత మారిపోయేది.

ద్వీపం నుంచి వెళ్లేవాళ్లకు సామాను జాగ్రత్తలు వేరే ఉన్నాయి. ఉప్పుగాలి ఉక్కును రోజుల్లోనే తుప్పు పట్టిస్తుంది. కాల్చిన రోజే గొట్టం శుభ్రం చేసి, పల్చగా నూనె రాసి, పోటీ ముందు ఆ నూనె తుడిచేయాలి. నూనె ఉన్న గొట్టం నుంచి వచ్చే తొలి గుండు పక్కకు పోతుంది. తోలు స్లింగుకు బూజు పడుతుంది, తడికి సాగుతుంది, సాగితే గురి ఎత్తు మారుతుంది. తూటాలను గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ సంచీతో ఉంచాలి. విమానంలో తుపాకిని ముందే తెలియజేసి, ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో చెక్డ్ బ్యాగేజీగానే పంపాలి. చెవులకు రక్షణ తప్పనిసరి. రైఫిల్ మోత నూట యాభై డెసిబెల్స్ దాటుతుంది. ఒకసారి పోయిన వినికిడి తిరిగిరాదు.

పోటీ ముగిశాక స్కోరు కార్డు కన్నా గుంపు ఆకారం ఎక్కువ చెబుతుంది. గురుత్వం, మందు, ఊపిరి గుండును పైకీ కిందికీ జరుపుతాయి. గాలి పక్కకు జరుపుతుంది. చిల్లులు నిలువుగా సాగి ఉంటే తూటాల వేగం ఒక్కటిగా లేదనో, ఊపిరీ పడుకున్న తీరూ కుదురుకోలేదనో అర్థం. తిరిగి వెళ్లి చేయాల్సింది డ్రై ఫైరింగ్, తూటాల తూకం. అడ్డంగా పరుచుకుంటే రైఫిల్‌ను ముట్టుకోనక్కర్లేదు, తూటాలు మార్చనక్కర్లేదు. ఖర్చు లేని పని మిగిలింది. రోజూ పొద్దునా మధ్యాహ్నమూ తీరానికి వెళ్లి గాలికి ఒక అంకె చెప్పి, మీటరుతో సరిచూసి, తేడా రాసుకోవడం. మొదటి పోటీలో చాలామంది గుంపు అడ్డంగానే ఉంటుంది. అంటే లెక్కకు లొంగేవి అప్పటికే లొంగాయన్నమాట.